చెవికీ ముక్కుకూ పడనప్పుడు

అలర్జీని మన ఇళ్లలో ఎవరూ అలర్జీ అనరు. "నాకు దుమ్ము పడదు", "పిల్లకు రొయ్యలు పడవు" అంటారు. డాక్టర్ల మాటకన్నా ఇదే సరైన మాట అని నాకనిపిస్తుంది. దుమ్ము దుమ్ములాగే ఉంది, మనిషి మనిషిలాగే ఉన్నాడు, ఇద్దరికీ పొత్తు కుదరలేదు, అంతే. అయితే ఒకే మనిషికి వినికిడీ తగ్గి, దుమ్మూ పడకపోతే ఇంకో తగవు మొదలవుతుంది. చెవికి మేలు చేసేది ముక్కుకు పడదు. ముక్కుకు మేలు చేసేది చెవికి అడ్డం వస్తుంది. ఈ తగవులో రాజీ ఎలా కుదుర్చుకోవాలో చెబుదామనే ఈ వ్యాసం. రెండు చెవులకూ వినికిడి యంత్రాలు, జేబులో రెండు చేతిరుమాళ్లు పెట్టుకుని బ్యాంకులో కూర్చునేవాణ్ని కనుక ఆ మాత్రం చెప్పే అర్హత ఉందనుకుంటాను.

నేను పనిచేస్తున్న శాఖ కోల్‌కతాలోని మెటియాబ్రుజ్‌లో ఉంది. మట్టి బురుజు అన్న మాటే ఇక్కడివాళ్ల నోట మెటియాబ్రుజ్ అయింది. అవధ్ రాజ్యాన్ని ఇంగ్లీషువాళ్లు లాగేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా వచ్చి, 1887లో కన్నుమూసేదాకా ఈ ప్రాంతంలోనే ఉన్నాడు. ఆయన వెంట వచ్చిన దర్జీల విద్యే మాకు దక్కిందని ఇక్కడి కుట్టుపనివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పుడిది రెడీమేడ్ దుస్తులకు పెద్ద కేంద్రం. పని చేయించే పెద్ద దర్జీని ఓస్తాగర్ అంటారు. మా ఖాతాదారుల్లో చాలామంది వాళ్లే. సందుల్లోని ఇళ్ల కింది గదుల్లో వరసగా కుట్టుమిషన్లు, పై అంతస్తుల్లో కాపురాలు. వారాంతంలో హాట్, అంటే సంత. పక్కనే ఉన్న గార్డెన్ రీచ్ మన తెలుగు రైల్వే కుటుంబాలకు తెలియని పేరు కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. తూర్పు కోస్తా రైల్వే ఏర్పడిన 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నావంటివాడికి ఇంతకన్నా కఠినమైన పరీక్షా కేంద్రం దొరకదు. ఇక్కడి కుట్టు గదుల్లో మోతకూ, గుడ్డల నుంచి లేచే సన్నని పీచుకూ కొదవలేదు. దానికి తోడు గంగ ఒడ్డు తేమ.

ముందు చెవికీ ముక్కుకూ ఉన్న చుట్టరికం చెప్పాలి. ముక్కు వెనుక భాగం నుంచి కర్ణభేరి లోపలి నడిమి చెవికి సన్నని గొట్టం ఉంటుంది. దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మనం గుటక వేసినప్పుడూ ఆవులించినప్పుడూ అది తెరుచుకుని, కర్ణభేరికి రెండు వైపులా గాలి ఒత్తిడిని సమం చేస్తుంది. దుమ్ము పడక ముక్కు పొరలు వాస్తే ఆ గొట్టం మూతి కూడా వాస్తుంది. గాలి ఆడదు. చెవి దిబ్బడ వేస్తుంది. కొందరికి, ముఖ్యంగా పిల్లలకు, కర్ణభేరి వెనుక నీరు చేరుతుంది. వినికిడి బాగున్నవాళ్లకు అది నాలుగు రోజుల చిరాకు. ఇప్పటికే సగం విని సగం ఊహించుకునేవాడికి ఆ ఊహించే సగం కూడా పోతుంది. అందుకే మా ఇంట్లో "ఇవాళ చెవి ఎలా ఉంది?" అని అడగరు, "ముక్కు ఎలా ఉంది?" అని అడుగుతారు. పిల్లవాడు తరచూ తుమ్ముతూ, టీవీ దగ్గరికి జరుగుతూ, క్లాసులో పరధ్యానంగా ఉన్నాడని మాట తెస్తుంటే, తిట్టే ముందు చెవి పరీక్ష చేయించండి.

ఘాటుకూ అలర్జీకీ తేడా కూడా చూసుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులో ఎవరైనా తుమ్ముతారు. అది ఘాటు. బయటికి వస్తే తగ్గిపోతుంది. నలుగురు హాయిగా ఉన్న గదిలో ఒక్కడికే కళ్లు దురదపెట్టి, ముక్కు నీరుకారి, అది రోజుల తరబడి సాగితే అలర్జీని అనుమానించాలి. దేనివల్లో తెలియకపోతే చర్మం మీద చేసే ప్రిక్ టెస్టు ఉంది. ఏది పడదో తెలియకుండా అన్నీ మానేయడం వృథా శ్రమ.

ఇక తగవులు. మొదటిది ఇంటి సామాను గురించి. ఖాళీ గదిలో మాట గోడలకు తగిలి ప్రతిధ్వనిస్తుంది. వినికిడి యంత్రం ఆ ప్రతిధ్వనిని కూడా పెంచుతుంది కనుక మాటలు ముద్దయిపోతాయి. అందుకే చెవి నిపుణులు మందపాటి కర్టెన్లు, తివాచీలు, గుడ్డ సోఫాలు మంచివంటారు. ముక్కు డాక్టరు అవన్నీ తీసేయమంటాడు, దుమ్ములో బతికే డస్ట్ మైట్ పురుగులకు అవే కాపురాలు కనుక. ఇద్దరి మాటా నిజమే. మా రాజీ ఇలా కుదిరింది. తివాచీ లేదు. వారానికొకసారి వాషింగ్ మెషిన్‌లో పడేయగల నూలు కర్టెన్లు, రెండు మడతలుగా. కుర్చీ కాళ్లకు రబ్బరు బిళ్లలు, భోజనాల బల్ల మీద ఉతికే గుడ్డ. కంచం చప్పుడు ఎంత తగ్గిందో ఆ గుడ్డ పరిచిన రోజున తెలిసింది.

పరుపు, దిండ్ల విషయంలో మాత్రం ముక్కు మాటే చెల్లాలి. ఆ పురుగు కంటికి కనబడదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. దాని మలమే మనకు పడనిది. దుప్పట్లు, గలీబులు వారానికోసారి సుమారు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. దిండుకూ పరుపుకూ జిప్పు ఉన్న, నేత బాగా దగ్గరగా ఉన్న తొడుగులు వేయాలి. చలికాలం ముందు కోల్‌కతా సందుల్లో వింటిలాంటి పనిముట్టు భుజాన వేసుకుని దూదేకేవాళ్లు తిరుగుతారు. బొంతల్లో, పరుపుల్లో దూది తీసి, ఏకి, మళ్లీ కుడతారు. మన ఊళ్లలోనూ ఒకప్పుడు చూసినదే. పాత పరుపు కొత్తదవడం బాగానే ఉంటుంది. కానీ ఆ పని డాబా మీద జరగాలి, తుమ్ములవాడు ఆ పూట ఇంకో వీధిలో ఉండాలి. కొత్త బట్టలను ఉతక్కుండా తొడగవద్దు. ముడతలు పడకుండా పూసే రసాయనాలు, మిగులు రంగులు కొందరి చర్మానికి పడవు. సంతలో చవగ్గా దొరికిందని పిల్లలకు అక్కడే తొడిగే ఉత్సాహాన్ని ఒక రోజు ఆపుకోవాలి.

రెండో తగవు ఫ్యానుది. ఉక్కకూ తేమకూ గాలి కావాలి. ఫ్యాను హోరులో మాట వినబడదు. ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నా అదే గొడవ, జోరు పెంచితే మోత. గదిలో ఎవరూ లేనప్పుడు జోరుగా తిప్పి, మనుషులు కూర్చున్నప్పుడు తగ్గించడం తప్ప దీనికి మందు లేదు. వినికిడి తక్కువ ఉన్న మనిషి కుర్చీ ఫ్యాను కింద కాక గోడకు వీపు ఆనేలా వేయండి. వెనుక నుంచి వచ్చే చప్పుళ్లు సగం తగ్గుతాయి. వెలుతురు అతని కళ్లలో కాక మాట్లాడేవాళ్ల మొహం మీద పడాలి. వినికిడి తగ్గినవాళ్లు పెదవులను కూడా వింటారు. మా శాఖలో నా బల్లను కిటికీకి వీపు పెట్టి వేయించుకున్నాను. వచ్చిన మనిషి మొహం మీద పగటి వెలుగు పడుతుంది.

మాస్కు మూడో తగవు. నగదు క్యాబిన్‌లో కూర్చున్నవాళ్లకు తెలుసు, మాసిన నోట్ల కట్టలు లెక్కింపు యంత్రంలో తిరిగినప్పుడు లేచే దుమ్ము ఎలా ఉంటుందో. పాత లెడ్జర్ల గదిలో బూజు వాసన అంతకు మించి. అక్కడ మాస్కు పెట్టుకోవలసిందే. పెదవులు కనబడవు, గొంతు మూసుకుపోతుంది, చెవి వెనుక యంత్రానికీ మాస్కు దారానికీ చిక్కు పడుతుంది. మాస్కు తీసేటప్పుడు యంత్రం ఊడి ఎక్కడో పడిపోతుంది. దారాలు చెవులకు కాక తల వెనుక కట్టుకునే మాస్కు వాడితే ఈ నష్టం తప్పుతుంది. మాట్లాడవలసి వచ్చినప్పుడు లెక్కింపు యంత్రం ఆపి, దుమ్ముకు దూరంగా జరిగి, మాస్కు దించి మాట్లాడాలి. నోట్లు లెక్కపెడుతూ తల వంచుకుని ఇచ్చే జవాబు వినబడే చెవికి కూడా సరిగా అందదు.

చెవిలో పెట్టే అచ్చు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది యంత్రాన్ని అల్మరాలో పడేయడానికి కారణం అదే. చెవి దురద, ఎర్రదనం, చెమ్మ కనబడితే "నాకు మిషను పడలేదు" అని తీసేస్తారు. కొన్నిసార్లు పడనిది ఆ అచ్చు చేసిన యాక్రిలిక్ పదార్థం. సిలికోన్ అచ్చుకు మారిస్తే సర్దుకోవచ్చు. ఆడియాలజిస్టును అడగండి. ఇంకొన్నిసార్లు అది తేమకు పుట్టిన ఫంగస్. దానికి ఈఎన్‌టీ డాక్టరే శుభ్రం చేసి మందు వేయాలి. రోజులో కొంతసేపు చెవికి గాలి తగలనివ్వాలి. అచ్చును రాత్రి పొడిగుడ్డతో తుడవాలి. వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయడం మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. కర్ణభేరికి చిల్లు ఉంటే అది లోపలికి పోయి కీడు చేస్తుంది, లేకపోయినా గుబిలిని నానబెట్టి యంత్రం మూతిని పూడుస్తుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, స్కూటరు తాళంచెవి, ఇయర్ బడ్ ఏదీ చెవిలోకి పోకూడదు. బడ్ గుబిలిని తీయదు, లోపలికి కుక్కుతుంది.

వానాకాలం తేమ యంత్రాన్నీ తినేస్తుంది. రాత్రి బ్యాటరీ తీసి, దాని మూత తెరిచి, సిలికా జెల్ ఉన్న గట్టి మూత డబ్బాలో పెట్టాలి. రంగు మారే గింజలైతే తేమ పీల్చాక తెలిసిపోతుంది. జింక్ ఎయిర్ బ్యాటరీ స్టిక్కరు పీకిన వెంటనే బిగించకుండా ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిస్తే మంచిది, గాలితోనే అది పనిచేస్తుంది. ముక్కుకు ఆవిరి పట్టేటప్పుడు, తలస్నానానికి ముందు యంత్రం తీసేయాలి. ఇంట్లోవాళ్లకు ఒక మనవి. అవి తీసేశాక ఆ మనిషితో కబుర్లు మొదలుపెట్టకండి.

ముక్కు మందుల్లో రెండు సంగతులు చాలు. డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రేను తల కాస్త వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టాలి. అప్పుడు మందు మధ్యగోడకు కాక చెవి వైపు పోతుంది. పూర్తి ఫలితం కనబడడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఒక రోజు వాడి పనిచేయలేదనకూడదు. మందుల షాపులో అడిగిన వెంటనే ఇచ్చే, క్షణంలో ముక్కు తెరిచే చుక్కల మందు దీనికి పూర్తిగా తిరగబడ్డ రకం. అయిదు రోజులు దాటి వాడితే ముక్కు దానికి అలవాటుపడి, మానగానే మునుపటికన్నా గట్టిగా బిగుస్తుంది. ఉప్పునీటితో ముక్కు కడిగేవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కొళాయి నీళ్లు కూడదు.

అలర్జీ మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది. రాత్రి వేసుకోమనేది అందుకే. ఇక్కడే అసలు ప్రమాదం ఉందని నేను అనుకుంటాను. మాత్ర వేసుకుని, యంత్రాలు తీసి డబ్బాలో పెట్టి, ముక్కు దిబ్బడతో పడుకున్న మనిషికి తలుపు తట్టినా తెలియదు, పొగ వాసనా తెలియదు. వంట గ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకైతే తెలియాలని మెర్‌కాప్టన్ అనే రసాయనం కలుపుతారు. ముక్కు మూసుకున్నవాడికి ఆ హెచ్చరిక అందదు. బుస్సుమనే చప్పుడూ అందదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. వంట అయ్యాక పొయ్యి మీట ఆపి ఊరుకోకుండా రెగ్యులేటరు కూడా కట్టేయడం మా ఇంట్లో నియమం. లైటు కూడా వెలిగే గ్యాస్ లీక్ అలారం కొనుక్కోవచ్చు. లీకు అనుమానం వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి, లేదా చేయించాలి. కుక్కరు కూతలు లెక్కపెట్టే పని చెవికి వదలకండి, ఫోన్‌లో టైమరు వైబ్రేషన్‌తో పెట్టుకోండి. దిండు కింద వణికే అలారాలు, కాలింగ్ బెల్ కొడితే వెలిగే లైట్లు దొరుకుతున్నాయి. ఇంట్లో ఎవరైనా రాత్రి లేపవలసి వస్తే లైటు వేయాలి అని అందరికీ తెలిసి ఉండాలి.

బ్యాంకు మనుషులం కనుక కౌంటరు సంగతి. వినికిడి తగ్గినవాడికి మాట పూర్తిగా పోదు, మాటలోని సన్నని అక్షరాలు పోతాయి. అచ్చులు వినబడతాయి, స, త, ట, క లాంటి హల్లులు జారిపోతాయి. బెంగాలీలో ఏడును షాత్ అంటారు, అరవైని షాట్ అంటారు. ఆ చివరి ఒక్క అక్షరం నా చెవికి చేరదు. హిందీలో సాత్, సాఠ్ తంటా కూడా ఇదే. డబ్బు విషయంలో ఇంతకన్నా ఇబ్బంది ఏముంటుంది? కాబట్టి అంకె ఎప్పుడూ కాగితం మీదే. ఓస్తాగర్లు మొదట్లో వింతగా చూశారు, ఇప్పుడు వాళ్లే చీటీ మీద అంకె రాసి చేతికిస్తారు. కుట్టుమిషన్ల మధ్య ఏళ్ల తరబడి కూర్చున్న పెద్ద దర్జీల్లో కొందరికి నా చీటీ నాకన్నా ఎక్కువ పనికొస్తోందని గమనించాను. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడ మోత సుమారు 85 డెసిబెళ్లు ఉన్నట్టు. ఆ మోతలో రోజుకు ఎనిమిది గంటలు హద్దు అంటారు నిపుణులు. మూడు డెసిబెళ్లు పెరిగితే నాలుగు గంటలే.

వినబడని ఖాతాదారు వస్తే మనం గొంతు పెంచుతాం. అలా పెంచి అతని నిల్వ ఎంతో చెబితే హాలంతా వింటుంది. ఖాతా గోపనీయత కాపాడతామని చెప్పే మనం చేయవలసిన పని కాదది. అరిస్తే అక్షరాలు వంకర పోతాయే తప్ప స్పష్టం కావు. ఎదుట నిలిచి, కాస్త నిదానంగా, మామూలు గొంతుతో చెప్పాలి. అర్థం కాకపోతే అదే మాట మూడోసారి చెప్పకుండా వేరే మాటల్లో చెప్పాలి. 70 ఏళ్లు దాటినవారికీ, వికలాంగులకూ ప్రాథమిక సేవలు ఇంటి దగ్గరే అందించాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులో చెప్పింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇది తెలుసో లేదో అడగండి.

ఇంట్లో మాత్రం యంత్రాలకన్నా అలవాట్లే ముఖ్యం. మా ఆవిడ వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా ఏమీ చెప్పదు. హాల్లోకి వచ్చి "ఏమండీ" అని, నేను తల తిప్పాక అసలు మాట మొదలుపెడుతుంది. ఆ "ఏమండీ"కి విలువ కట్టలేను. పెళ్లిభోజనాల్లో, గృహప్రవేశాల్లో వినికిడి తగ్గిన మనిషి అన్నిటికీ నవ్వుతూ తలూపుతుంటే ఆనందంగా ఉన్నాడని అనుకోకండి, ఏమీ వినబడక అలసిపోయి ఉంటాడు. పక్కన ఒకరు కూర్చుని "ఇప్పుడు మీ బావగారి ఇంటి సంగతి నడుస్తోంది" అని విషయం అందిస్తే చాలు. "ఏం లేదులే, తర్వాత చెబుతా" అన్న మాట మాత్రం వద్దు. వినికిడి లోపం కన్నా ఆ మాటే ఎక్కువ బాధిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో మాటను అక్షరాలుగా మార్చి చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉచితం. తెలుగూ, బెంగాలీ, హిందీ మూడూ వస్తాయి. నవ్వు పుట్టించే తప్పులు రాస్తుంది కానీ పని నడుస్తుంది.

ఇక్కడ దసరాలు ముక్కుకూ చెవికీ కలిపి వస్తాయి. బెంగాల్ రాష్ట్ర వృక్షం ఛాతిమ్ ఆ రోజుల్లోనే పూస్తుంది. మన ఏడాకుల పాల చెట్టే అది. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖలో విరివిగా నాటారు, రాత్రిళ్లు ఆ వాసనకు తల పట్టుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. పందిళ్లలో ధునో, అంటే సాంబ్రాణి పొగ, దాని వెంట డప్పులు, మైకులు. సాయంత్రం కిటికీలు మూసి, పందిరికి పొద్దున్నే వెళ్లి వస్తాం. డప్పుల దగ్గరికి తప్పకపోతే యంత్రాలు తీసి ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటాను. మిగిలిన వినికిడినైనా కాపాడుకోవాలి కదా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు.

అశ్రద్ధ చేయకూడనివి రెండున్నాయి. ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మొద్దుబారితే జలుబనో గుబిలనో ఆగవద్దు. అది లోపలి చెవి దెబ్బ కావచ్చు, మొదటి రోజుల్లో మొదలుపెట్టిన వైద్యానికే ఫలితం ఎక్కువ. రెండోది, ఏదైనా తిన్న కొద్దిసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి అందకపోతే మాత్ర వేసి చూద్దామనకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. డస్ట్ మైట్ పడనివాళ్లలో కొందరికి రొయ్యలూ పడవు. రెండింటిలోనూ ఒకే తరహా ప్రొటీన్ ఉండడమే కారణం. బెంగాలీ విందులో చింగ్‌డీ అంటే రొయ్య అని తెలిసి ఉండడం మంచిది.

పరీక్షల కోసం హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నాయి. హైదరాబాదు వాస్తవ్యుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా చేసిన అలీ యావర్ జంగ్ పేరిట ముంబైలో ఉన్న జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోనూ, కోల్‌కతా బన్ హుగ్లీలోనూ ప్రాంతీయ కేంద్రాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ల లోపం ఉంటే వినికిడి తక్కువ ఉన్నవారు, 70 అంతకుమించి ఉంటే బధిరులు. 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే, 1961 ఆదాయపు పన్ను చట్టం పాత పద్ధతిలో 80యు కింద 75,000 రూపాయలు, 80 శాతం లేదా అంతకుమించి ఉంటే 1,25,000 రూపాయలు తగ్గింపు. ఆధారపడిన తల్లిదండ్రులకో పిల్లలకో ఉంటే 80డీడీ. యూడీఐడీ కార్డుకు దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. ఆడియోగ్రామ్ కాపీలను మాత్రం ఏటా ఒక ఫైల్లో దాచండి. వినికిడి ఎంత తగ్గిందో మన జ్ఞాపకం చెప్పలేదు, ఆ గీత చెబుతుంది.